గులాబీ గుడ్డ కట్టిన ముళ్ళపొద

నా దస్తూరి బాగుండదు, క్షమించాలి. తప్పులు కూడా ఉంటాయి... మా ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే నా చదువు. కాగితం మీద రాసిస్తే మా అమ్మాయి సుజాత ఫోటో తీసి ఈ గ్రూపులో పెడతానంది. నేను ఎప్పుడూ ఏమీ రాసినవాణ్ణి కాదు. మొన్న జరిగింది మనసులోంచి పోవడం లేదు... అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... వానలు మొదలయ్యాక అమ్మ వెంట మెట్ట మీదికి వాక్కాయలకు వెళ్ళేవాళ్ళం, నేనూ మా అన్నయ్యా. ముళ్ళు గీరుకుని మోచేతులు మండేవి. అయినా మానేవాళ్ళం కాదు.

అక్కడ ఒక పెద్ద పొదకు పసుపు గుడ్డ పేలికలు వేలాడుతుండేవి. పిల్లలకు జబ్బు చేస్తే తల్లులు మొక్కుకుని కట్టేవారు. అది అమ్మవారి పొద. కాయలు కోసుకోవచ్చు... కానీ మొదటి గుప్పెడు పొద మొదట్లో పెట్టాలి. ఇంటికి తెచ్చి పప్పులో వేసి, అమ్మవారి పేరు చెప్పి ఒక ముద్ద తీసి పెట్టేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. వండేవాళ్ళు ఉప్పు కూడా చూడకూడదు.

అమ్మ మమ్మల్ని గుమ్మంలోనే ఆపేది. "ఏదీ, నోరు చూపించండి" అనేది. వాక్కాయ పాలు పెదాలకు జిగురుగా అంటుకుంటాయి, దాచినా దాగదు. అన్నయ్య ప్రతిసారీ దొరికిపోయేవాడు.

"అమ్మవారి కంటే ముందు నీకు ఆకలేసిందిరా, తిండిపోతా!" అని వీపు మీద ఒకటి వేసేది.

ఇప్పుడు అమెరికాలో, రెడ్‌మండ్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఆగస్టు వచ్చిందంటే నడిచే దారి పక్కన ఎక్కడ చూసినా ముళ్ళపొదలే. నల్లగా నిగనిగలాడే పళ్ళు, వాటి మధ్య ఎర్రటి దోరవి... బ్లాక్‌బెర్రీలట. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు.

మొన్న మనవరాలు మేఘనను తీసుకుని, గిన్నె పట్టుకుని బయల్దేరాను. ఏడేళ్ళ పిల్ల. దారి మలుపులో చూద్దును కదా... ఒక పెద్ద పొదకు గులాబీ రంగు పేలికలు కట్టి ఉన్నాయి!

ఈ ఊళ్ళో మనవాళ్ళు బోలెడుమంది. ఎవరో తల్లి మొక్కుకుని కట్టింది అనుకున్నాను. ఆ బిడ్డకు ఏం జబ్బో పాపం, అనుకున్నాను కూడా. చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను.

"ఇట్లా గుడ్డ కట్టినవి అమ్మవారివి తల్లీ. పప్పు వండి అమ్మవారికి పెట్టేదాకా తినకూడదు" అన్నాను.

"ఒక్కటి కూడానా తాతా?"

"ఒక్కటి కూడా."

మొదటి గుప్పెడు పొద మొదట్లో పెట్టాను. ఆ తర్వాత పుల్లగా ఉండే ఎర్రవి ఏరి కోసుకున్నాను. పిల్ల కాసేపు నా దగ్గర, కాసేపు అవతల ఆడుకుంది.

ఇంటికొచ్చి కందిపప్పు ఉడకేసి, పచ్చిమిరపకాయలు చీల్చి, పళ్ళు వేశాను. ఇంగువ తాలింపు పెట్టాను. ఉప్పు చూడలేదు. ఇల్లంతా అమ్మ వంట వాసన... అప్పుడే సుజాత ఆఫీసు నుంచి వచ్చింది.

"నాన్నా, ఏంటీ వాసన! వాక్కాయ పప్పా? ఎక్కడ దొరికాయి నీకు?" అంటూ గరిట అందుకుంది.

"వాక్కాయలు కావమ్మా. ఆ మలుపులో అమ్మవారి పొద లేదూ, దానివి. ఎవరో గులాబీ గుడ్డలు కట్టారు..."

దాని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పింక్ రిబ్బన్లా? అయ్యో నాన్నా! అవి మందు కొట్టిన పొదలు! స్ప్రే చేసినవాటికి రిబ్బన్ కడతాం, ముట్టుకోవద్దు అని మా కమ్యూనిటీ వాళ్ళు ఈమెయిల్ పెట్టారు. ఇక్కడ అవి కలుపు. చంపేస్తారు. నువ్వు తిన్నావా? పిల్ల తిన్నదా?"

"లేదమ్మా... ఇంకా అమ్మవారికే పెట్టలేదు..."

"మేఘనా! కమ్ హియర్! నోరు తెరువు!"

పిల్ల నోరు తెరిచింది. నాలుక ఊదారంగు...

పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. సుజాత పిల్ల భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. "ఎక్కడ తిన్నావ్? చెప్పు! ఎక్కడ?"

పిల్ల ఏడుస్తూ నా వైపు చూసింది. "తాతా, సారీ... రిబ్బన్ ఉంటే అమ్మవారిది అన్నావ్ కదా. అది నేను తినలేదు. ప్రామిస్. బెంచ్ దగ్గర రిబ్బన్ లేదు. అక్కడ తిన్నా."

సుజాత అలాగే వంటింటి నేల మీద కూలబడి పిల్లను వాటేసుకుంది. తర్వాత లేచి ఎక్కడికో ఫోన్ చేసింది. నోరు కడిగించి, కనిపెట్టుకుని ఉండమన్నారట. పిల్లకు ఏమీ కాలేదు... పప్పు గిన్నెతో సహా చెత్తలో పడేశాం. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో తెలియదు.

ఆ రాత్రి పిల్ల పడుకోబోయే ముందు అడిగింది. "తాతా, అక్కడ అమ్మవారు లేదా మరి?"

దుప్పటి కప్పి, "తర్వాత చెబుతా, పడుకో తల్లీ" అన్నాను.

ఇవాళ ఒక్కణ్ణే వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చాను. ఆకులు మాడి వేలాడుతున్నాయి. నేను మొదట్లో పెట్టిన గుప్పెడు పళ్ళు అట్లాగే ఉన్నాయి, ఒక్క పిట్టా ముట్టలేదు. మా ఊళ్ళో పొదకు గుడ్డ కడితే దాని మీద కత్తి పడేది కాదు... ఇక్కడ గుడ్డ కట్టేది, చావబోయేదానికి.

మీ ఊళ్ళో కూడా ఇట్లా గుడ్డ కట్టిన పొదలు ఉండేవా? మీ అమ్మలు కూడా గుమ్మంలో నోరు చూసేవారా? త్వరగా జవాబు రాయండి. మేఘన అడిగినదానికి ఏం చెప్పాలో మీకేమైనా తోస్తే, అదీ రాయండి... పొద్దున లేవగానే మళ్ళీ అడుగుతుంది.