ఐదు పిడికిళ్ల బియ్యం

దయ్యాలను నేను నమ్మను. నమ్మేంత తీరిక కూడా నాకు ఎప్పుడూ లేదు. సూరత్‌లో పొద్దున లేచింది మొదలు చీరల కట్టలు, అంచులు కుట్టడం, కుందన్లు అతికించడం, సాయంత్రానికి మెడ పట్టేయడం. మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు బీపీ చూపించుకోమని చెప్పే మనిషిని నేను. కాబట్టి ఇది చదివి నన్ను తాయెత్తులు కట్టుకునే రకం అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమన్నా తోస్తే సంతోషం. నాకైతే తోచలేదు.

మా పుట్టిల్లు బోధన్‌కు ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఊరు. చెరుకు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాపు చెరుకు వేసేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చాలామంది వరికి మారారు, కొందరు మాత్రం ఇంకా చెరుకు వదల్లేదు. అన్న, వదిన ఊళ్లోనే ఉన్నారు. అక్క భివండిలో పడింది, నేను సూరత్‌లో పడ్డాను. ఒకరి మొహం ఒకరు చూడాలంటే రెండు రైళ్లు మారాలి.

మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డకు కొన్నేళ్లకోసారి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికముక్క అన్నీ చీర కొంగులో పోసి పంపుతారు. పోయే ముందు ఆ బియ్యంలోంచి ఆడబిడ్డ ఐదు పిడికిళ్లు తీసి దేవుని దగ్గర పెట్టాలి. ఇంట్లో ఉన్న లక్ష్మినంతా మూటగట్టుకుని పోకుండా కొంత వదిలిపెట్టడమన్నమాట.

ఈ ఐదు పిడికిళ్ల దగ్గర మా అవ్వతో, అంటే మా అమ్మతో, చాలా కష్టంగా ఉండేది. నేను మరిచిపోతానని ఆమెకు భయం. బస్సుకు టైమవుతోందని నేను చెప్పులు వేసుకుంటుంటే, గడపలో కాళ్లు బారజాపి కూర్చునేది. దాటి పోవడానికి లేదు. "ఐదు పిడికిళ్లు పెట్టినంకనే తొవ్వ ఇస్త" అనేది. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

అవ్వ పోయిన మరుసటి ఏడు అన్న ఫోన్ చేశాడు. "అవ్వ లేదని రాకుంటుంటవా సుగుణా? ఐదేండ్లు అయితున్నది. ఒడిబియ్యం పోస్త, రా" అన్నాడు. అప్పుడు నా బిడ్డ స్వప్న కాన్పుకని మా ఇంట్లోనే ఉంది. ఎనిమిదో నెల. డాక్టరమ్మ ఇంకా నెల పైన టైముందని చెప్పింది. మూడు రోజుల్లో వచ్చేస్తానని బిడ్డకు చెప్పి, మా ఆయనకు అప్పజెప్పి బయల్దేరాను. ఇప్పటికీ ఆ బయల్దేరడం తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

కార్తీక మాసం. అన్న, వదిన బియ్యం పోశారు. అవ్వ ఫోటో ముందు కూర్చుని నేను ఏడ్చాను, అన్న ఏడ్చాడు, తర్వాత అందరం కడుపునిండా తిన్నాం. అంతా బాగానే జరిగింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మా ఆయన ఫోన్. స్వప్నకు బీపీ పెరిగిందట, కాళ్లు మొహం వాచాయట, దవాఖానాలో చేర్చారట. రేపు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామన్నారట. ఫోన్ స్వప్న తీసుకుంది. "అమ్మా, నన్ను లోపలికి తీస్కపోకముందే వస్తవ్ గదా?" అంది. వస్తాను అన్నాను.

లెక్క సులువే. నిజామాబాద్‌లో మధ్యాహ్నం రైలు పట్టుకుంటే, దారిలో ఇంకో రైలు మారి తెల్లవారేసరికి సూరత్‌లో ఉంటాను. చేతికందిన బట్టలు సంచిలో కుక్కాను. బియ్యం మూట చంకన పెట్టుకున్నాను. అన్న పొలానికి పోయాడు, నేను పిలిపించలేదు. వదిన పెరట్లోంచి వచ్చేసరికే నేను ఆటోలో ఉన్నాను.

ఆటో మల్లేశ్‌ది. మా ఊరివాడే, నలభై దాటిన మనిషి, తాగడు. రోజూ బోధన్‌కు నాలుగైదు సార్లు తిరుగుతాడు. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా దారి ఒక్కటే, ఎక్కడా చీలదు. కొంత దూరం రెండు పక్కలా చెరుకు, తర్వాత పాత కాటా, అది దాటితే కాలువ మీద మోరి, ఆ తర్వాత మెయిన్ రోడ్డు. కాటా అంటే ఒకప్పుడు చెరుకు బండ్లు తూచిన జాగా. ఇప్పుడు తుప్పు పట్టిన రేకులు, విరిగిన గోడ మిగిలాయి. ఆ రోజు దాని ముందు రోడ్డు మీద ఎవరో వడ్లు ఎండబోశారు. ఒక ముసలామె పక్కన కూర్చుని ఉంది. మల్లేశ్ ఒక పక్క టైరు వడ్ల అంచు మీద నుంచి పోనిచ్చాడు, ముసలామె కసిరింది.

కాసేపటికి మళ్లీ చెరుకు వచ్చింది. నేను ఫోన్‌లో మా ఆయనతో మాట్లాడుతున్నాను, అంతగా పట్టించుకోలేదు. తల ఎత్తితే ఎడమ పక్కన కాటా. అవే రేకులు, అవే వడ్లు.

"మల్లేశ్, వాపస్ తిప్పినవా?"

"లేదక్కా. సీదా పోతున్న" అన్నాడు. అద్దంలోంచి వెనక రోడ్డు చూస్తున్నాడు.

మోరి కోసం కళ్లు కాయలు కాచేలా చూశాను. రాలేదు. చెరుకే వచ్చింది. ఆటో కంటే ఎత్తుగా, రెండు పక్కలా గోడ కట్టినట్టు. గాలి లేదు. ఒడిలో మూట బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి, కింద పెడదామంటే ఒడిబియ్యం నేల మీద పెట్టకూడదు. మా ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. "ఎక్కడిదాక వచ్చినవ్?" అన్నాడు. "బోధన్ దగ్గర్ల ఉన్న" అన్నాను. ఇంకో పది నిమిషాలకు మళ్లీ అదే అడిగాడు, మళ్లీ అదే చెప్పాను. మూడోసారి కాటా వచ్చినప్పుడు మల్లేశ్ ఆటో ఆపేశాడు.

దిగాను. భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. ఎవరి మీదో తెలియని కోపం. ముసలామె దగ్గరికి పోయి, మేము ఇటు నుంచి ఎన్నిసార్లు పోయామని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎన్నిపార్లేంది బిడ్డా? గిప్పుడే గద వచ్చింది మీరు. వడ్లు తొక్కిండ్రని తిట్టిన గద" అంది.

వడ్ల అంచు మీద టైరు గీత ఒక్కటే ఉంది. నేను వంగి మరీ చూశాను. మల్లేశ్ ఆటో మీటరు చూపించాడు. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు అంకె అతనికి గుర్తుంది, పొద్దున్నే పెట్రోలు పోయించుకున్నాడు కాబట్టి. ఇరవై మూడు కిలోమీటర్లు తిరిగింది. ఊరి నుంచి కాటాకు మూడు కిలోమీటర్లు లేదు. నా ఫోన్‌లో పదకొండు దాటింది.

"అక్కా, ఊరికి తోలుతా. నాతోని కాదు" అన్నాడు. వెనక్కి తిప్పాడు. ఊరు అయిదు నిమిషాల్లో వచ్చింది.

అన్న బండి మీద పోవచ్చని నా ఆలోచన. వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఐదు పిడికిళ్లు తియ్యకనే ఉరికితివి గదనే. పొద్దటి సంది ఫోన్ చేస్తున్న, ఎత్తవేంది?" అంది. ఆమె ఫోన్‌లో నాకు చేసిన కాల్స్ పదకొండు ఉన్నాయి. నా ఫోన్‌లో ఒక్కటీ లేదు. మా ఆయన కాల్స్ మాత్రం అన్నీ ఉన్నాయి.

నాకు నిజంగా ఒళ్లు మండింది. అక్కడ నా బిడ్డ పాణం మీదికి వచ్చి ఉంటే, ఇక్కడ పిడికెడు బియ్యం గురించి మాటలా. "బియ్యానికీ తొవ్వకూ ఏం సంబంధం వదినా? అన్నను పిలువు, బండి తియ్యమను" అని అరిచాను. వదిన నా చెయ్యి పట్టుకుని దేవుని గూటి ముందుకు తీసుకుపోయింది. పక్కన గోడకు అవ్వ ఫోటో.

నమ్మి పెట్టలేదు, అది ఒప్పుకోవాలి. తొందరగా వదిలించుకుందామని పెట్టాను. మొదటి రెండు పిడికిళ్లు విసిరినట్టే పోశాను. మూడో దానికి చేతులు మెత్తబడ్డాయి. నాలుగో పిడికిలి పట్టుకుని అవ్వ ఫోటో చూస్తే ఏడుపు ఆగలేదు. "నా బిడ్డ కాడికి పోనియ్యే అవ్వా" అన్నాను. ఐదోది పెట్టి, కళ్లు తుడుచుకుని లేచాను.

అప్పటికి పొలం నుంచి వచ్చిన అన్న నన్ను బండి మీద ఎక్కించుకున్నాడు. చెరుకు అయిపోయింది. కాటా ఒక్కసారి వచ్చింది. మోరి వచ్చింది. మెయిన్ రోడ్డు ఎక్కాక నేను వెనక్కి తిరిగి చూశాను, ఏమీ లేదు, ఎప్పటి రోడ్డే. బోధన్‌కు పన్నెండు నిమిషాలు పట్టింది.

నిజామాబాద్ చేరేసరికి రైలు పోయింది. తర్వాతి రైలు పట్టుకుని, నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడి సూరత్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. స్వప్నకు పదింటికే ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల, చిన్నది, అద్దాల పెట్టెలో ఉంది కానీ బాగానే ఉంది. స్వప్న నన్ను చూసి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "లోపలికి తీస్కపోయేటప్పుడు తలుపు దిక్కే చూసిన అమ్మా" అంది, అంతే. ఏం చెప్పను? అమ్మమ్మ తొవ్వ ఇయ్యలేదని చెప్పనా?

మా ఆయన నా మాట విని, టెన్షన్‌లో కళ్లు తిరిగి ఉంటాయన్నాడు. నేనైనా అదే అనేదాన్ని. మరి మల్లేశ్‌కూ తిరిగాయా? మీటరుకూ తిరిగాయా? పోనీ మీటరు నిజమంటే, వడ్ల మీద గీత ఒక్కటే ఎందుకుంది? మల్లేశ్ ఇప్పటికీ నేను ఊరికి పోతే "వేరే ఆటో చూస్కో అక్కా" అని నవ్వుతాడు. నవ్వుతాడు కానీ ఎక్కించుకోడు.

అక్కడితో అయిపోతే ఇదంతా రాసేదాన్ని కాదు. పోయిన ఏడు స్వప్నకు మొదటిసారి ఒడిబియ్యం పోశాం. ఆమె అత్తగారిల్లు భివండిలో. రైలుకు టైమైంది, పాప ఒకటే ఏడుపు, స్వప్న ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో మూటను పట్టుకుని చెప్పులు వెతుక్కుంటోంది. ఐదు పిడికిళ్ల సంగతి దానికి గుర్తే లేదు.

"అమ్మా, జరుగు" అంది స్వప్న.

నాకు అర్థం కాలేదు. కిందికి చూసుకున్నాను. నేను గడపలో కూర్చుని ఉన్నాను, కాళ్లు బారజాపుకుని. ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులతో నేను నేల మీద కూర్చోవడం మానేసి చాలా రోజులైంది. నిజం చెప్పాలంటే, నాకు లేవబుద్ధి కూడా కాలేదు. బిడ్డ పోతుందని, ఇంకో ఘడియ ఉంటే బాగుండునని, అది తప్ప నాలో ఇంకే ఆలోచనా లేదు.

కాళ్లు వెనక్కి తీసుకున్నాను. గోడ పట్టుకుని లేచి, దాని మూట విప్పి ఐదు పిడికిళ్లు నేనే తీసుకున్నాను. ఆడబిడ్డ తన చేత్తో తీసి పెట్టాలి, పద్ధతి అది. నేను పద్ధతి తప్పాను. "ఏం చేస్తున్నవ్ అమ్మా?" అంటే, "ఏం లేదు, నువ్వు నడువు, రైలు పోతది" అన్నాను.

ఆ రోజు కాటా దగ్గర మమ్మల్ని ఆపిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వే అని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదు, కాదని చెప్పడానికీ లేదు. కానీ నేను పోయాక ఏదో ఒక రోజు నా బిడ్డ తన బిడ్డ కోసం ఉరుకుతుంటుంది. ఆ రోజు దానికి అడ్డం కూర్చునేది నేను కాకూడదు. అందుకే నాకు రావలసిన ఐదు పిడికిళ్లు నేను బతికుండగానే తీసుకుని పెట్టుకున్నాను.