టీచరమ్మ గారి సగం మాట

మా పక్కింటి టీచరమ్మ గారు పోయారు. ఆదివారం పొద్దున్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మమ్మీ నహీ రహీ" అంది. నేను తడి చేతులతోనే వెళ్ళాను. మంచం మీద ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నారు. "అద్దాలు లేకపోతే నాకు వినబడదమ్మా" అనేవారు ఎప్పుడూ. ఎవరు మాట్లాడడానికి వచ్చినా ముందు అద్దాలు వెతుక్కునేవారు. వాటిని తీయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందికి ఆవిడ తెలుసు. ఎలా తెలుసు అన్నదే నా బాధ. "తెలుగు ఇక్కడితో ఆగిపోనివ్వండి" అన్న మనిషిగా తెలుసు. ఫోన్‌లో కొన్ని క్షణాలు ఆడే వీడియో ముక్కగా తెలుసు. పెళ్ళై ఈ ఊరి బారిడీహ్ పేటకి వచ్చినప్పటి నుంచీ ఆవిడ పక్కింట్లో ఉన్నదాన్ని. నాకు తెలిసిన మనిషి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

శ్రీకాకుళం వైపు నుంచి భర్త ఉద్యోగం వెంట వచ్చారు. ఇక్కడి ఒక బడిలో తెలుగు చెప్పారు. పిల్లలు తగ్గిపోయి అక్కడ తెలుగు ఎత్తేశాక, భర్త కూడా పోయాక, ఆదివారాలు ఇంటి వరండాలోనే పాఠం పెట్టారు. డబ్బు పుచ్చుకునేవారు కారు. చెంబుతో నీళ్ళు పెట్టుకుని, తడివేలితో సిమెంటు గచ్చు మీద అక్షరం రాసేవారు. అది ఆరిపోయేలోపు పిల్లలు చదవాలి. ఎండాకాలం పోటీ మహా జోరుగా ఉండేది. "పుస్తకంలో వస్తున్నాను, ఇంటికాడ వత్తన్నాను. రెండూ మనవే, దేనికీ సిగ్గుపడొద్దు" అని చెప్పేవారు. బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే సొంత కూతురు మాత్రం ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చేది. ఆవిడ తెలుగులో కోప్పడేవారు, ఆ పిల్ల హిందీలో నవ్వేది. అలాగే ఇద్దరికీ సరిపోయింది.

నిరుడు మన తెలుగు సంఘం ఆవిడకి సన్మానం చేసింది. శాలువా కప్పి రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ అద్దాలు సర్దుకుని, హాల్లో ఎవరూ ఊహించని మాట చెప్పారు.

"గమ్హరియా నుంచి ఒక తండ్రి స్కూటర్ మీద కూతుర్ని తెచ్చి దింపేవాడు. ఆ పిల్ల గేటు దగ్గర్నుంచే ఏడ్చుకుంటూ వచ్చేది. ఒకనాడు నన్నే అడిగింది, ఈ తెలుగు ఎవరితో మాట్లాడాలీ అని. నా దగ్గర జవాబు లేకపోయింది. మన భయం తీరడం కోసం పిల్లల్ని ఏడిపించి బతికించుకునే కన్నా, తెలుగు ఇక్కడితో ఆగిపోనివ్వండి. ఇష్టం ఉన్నవాళ్ళు వస్తారు. నా వాకిలి తీసే ఉంటుంది."

కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. సంఘం వాళ్ళు ఎప్పటిలాగే ఆ ప్రసంగాన్ని తమ వీడియోల పేజీలో పెట్టారు. దాని కింద వాదన మొదలైంది. మొదట్లో ఆవిడకి అది పండగలా ఉండేది. సాయంత్రం నన్ను పిలిచి, వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదివేవారు.

"చూసావా, ఈయన నన్ను బాగా తిట్టాడు. అయితేనేం, ఒక్క అక్షరం తప్పు పోలేదు" అని మురిసిపోయేవారు.

ఒకరోజు మాత్రం ఒకటి చదివి, మళ్ళీ మొదటి నుంచీ చదివారు. భిలాయ్‌లో ఉండే ఒకావిడ రాసింది. వాళ్ళ నాయనమ్మకి తెలుగు తప్ప మరో మాట రాదట. పోయే ముందు ఈమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో ఈమెకి అర్థం కాలేదు. "నన్నూ ఎవరైనా ఏడిపించి నేర్పి ఉంటే బాగుండేది టీచర్ గారూ" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.

"ఈ పిల్ల నన్ను ఓడించేసిందమ్మా" అన్నారు టీచరమ్మ గారు. "నేను ఏడ్చే గుంటనే చూసాను. చిన్నప్పుడు ఏడవనందుకు పెద్దయ్యాక ఏడిసినోళ్ళని చూళ్ళేదు. దీనికి నేను జవాబు చెప్పాల. రాయను, హాల్లోనే నిలబడి చెప్తాను."

ఆ జవాబు సిద్ధం చేసుకుంటూ ఉండగానే, ఎవరో ఆ ప్రసంగంలోంచి ఒక ముక్క కోశారు. భయం, పిల్లల ఏడుపు, తీసి ఉన్న వాకిలి, అన్నీ పోయాయి. "తెలుగు ఇక్కడితో ఆగిపోనివ్వండి" మిగిలింది. అది ఊరూరా ఫోన్ గ్రూపుల్లో తిరిగింది. ముక్క చూసినవాళ్ళు అసలు వీడియో దగ్గరికి వచ్చి తిట్లు కురిపించారు. ఆవిడ నంబరు ఎక్కడ దొరికిందో, ఫోన్లు చేసి బూతులు తిట్టారు. బిష్టుపూర్‌లో ఎన్నాళ్ళుగానో సరుకులు ఇచ్చే తెలుగు కొట్టాయన, "మీకు హిందీ సరిపోతాది కదా, మాతో పనేటి" అన్నాడు. ఆవిడ సంచీ మడిచి ఇంటికి వచ్చేశారు. మళ్ళీ ఆ బజారుకి వెళ్ళలేదు.

వాళ్ళమ్మాయి భయపడింది. నా ఎదుటే తల్లిని బతిమాలింది.

"మమ్మీ, హటవా దో న. తీసేయమంటే సంఘం వాళ్ళు తీసేస్తారు. రోజూ ఈ గాలీలు, ఈ తిట్లు ఎందుకు?"

"తిట్టినోళ్ళ మధ్యలో మంచి మాట చెప్పినోళ్ళు కూడా ఉన్నారే. అది తీసేత్తే ఆళ్ళ మాటా పోద్ది."

"ఎవరైనా ఇంటికి వచ్చి కొడితే?"

నాకూ ఆ పిల్ల మాటే సబబుగా తోచింది. వాదన బాగుండవచ్చు గానీ, గొళ్ళెం పెట్టుకుని బతికేది వాళ్ళిద్దరే కదా.

చివరికి ఎవరూ తీయక్కర్లేకుండానే అది పోయింది. చాలామంది కలిసి ఆ వీడియోల కంపెనీకి ఫిర్యాదు పెట్టారట. ఒకరోజు చూస్తే వీడియో ఉన్నచోట నల్లటి గడి, నియమాలకి విరుద్ధమని ఒక వాక్యం. కింద రాసినవన్నీ దాంతోపాటే పోయాయి. భిలాయ్ ఆవిడ మాట కూడా పోయింది. ఆమె పేరేమిటో టీచరమ్మ గారు రాసి పెట్టుకోలేదు. కోసిన ముక్క మాత్రం ఎక్కడికక్కడ ఆడుతూనే ఉంది.

కూతురి చేత మళ్ళీ చూడమని అర్జీ పెట్టించారు. అక్కడ మీట నొక్కడమే తప్ప, చెప్పుకోవడానికి చోటు లేదు. నిర్ణయం మారదని వెంటనే వచ్చేసింది.

"మడిసి లేడేటి అక్కడ?" అన్నారు. "మన ఊరి కంపెనీ అయితే గేటు కాడ నిలబడితే ఎవడో ఒకడు ఏటి కావాలని అడుగుతాడు. ఈ కంపెనీకి గేటు ఎక్కడే?"

సంఘం కార్యదర్శి గారి దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. అసలు కాపీ అడిగితే, పేజీలో పెట్టాక ఫోన్‌లోంచి చెరిపేశామన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయనకీ బెదిరింపులు వచ్చాయి.

"గొడవ దానంతటదే పోయింది కదా టీచరమ్మ గారూ. ఒగ్గేయండి. ఇది మన ఊరు కాదు, మనం ఉండేది గుప్పెడు మందిమి. మనలో మనం కొట్టుకుంటే అందరూ చూత్తారు."

"నలుగురిలో అన్నాను బాబూ. దిద్దుకోవాలన్నా నలుగురిలోనే దిద్దుకోవాల. ఒక్కసారి హాలు ఇయ్యండి."

"క్షమాపణ చదువుతానంటే ఇత్తాం."

ఆవిడ ఆలోచించి, "నేనన్నది అంతా తప్పు కాదు, సగం తప్పు. సగానికి క్షమాపణ ఎలా చెప్తారో నాకు తెలీదు" అన్నారు. ఆయన తల దించుకున్నారు. హాలు దొరకలేదు.

ఆ తర్వాత ఆవిడ బతికింది కొన్ని నెలలే. పాఠం చెబుదామంటే, ఆగిపోనివ్వమన్నావిడే మళ్ళీ మొదలెట్టిందని నవ్వుతారు. మానేద్దామంటే ఆ ముక్క నిజమైపోతుంది. ఆదివారం చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. పిల్లల్ని ఎవరూ పంపేవారు కారు. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు తులసికి పోసేసి లోపలికి వెళ్ళేవారు. నేను వెళ్తే అద్దాలు పెట్టుకుని కూర్చునేవారు గానీ, ఎక్కువ మాట్లాడేవారు కారు. ఏ మాట అనబోయినా ముందు ఆగి, దాన్ని ఎక్కడ కోస్తే ఎలా వినబడుతుందో చూసుకుంటున్నట్టు ఉండేవారు. నాతో కూడా.

ఒకసారి నేనే అన్నాను. "ఆ ముక్క మీద మీరూ ఫిర్యాదు పెట్టించండి. అది అబద్ధం కదా."

"అబద్ధం కాదమ్మా. నా నోటి మాటే. నా మాట తీసేసారని ఏడిసినదాన్ని, ఇంకోడిది తీసెయ్యమని ఏ మొహంతో అడుగుతాను?" అన్నారు. కాసేపటికి, "నాకు గెలవాలని లేదు. ఆ భిలాయ్ పిల్లకి ఓడిపోయానని చెప్పుకోనిస్తే చాలు. అదీ చెప్పుకోనివ్వలేదు" అన్నారు.

కూతురు ఒప్పుకుంటే ఇంట్లోనే ఇంకో వీడియో తీద్దామన్నాను. విన్నవాళ్ళు లేనిచోట జవాబు చెప్పడం గోడకి చెప్పడమేనన్నారు. ఆవిడ పట్టుదల అది. నాకు కోపం వచ్చింది కూడా. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. తప్పు మాట అయినా పది మందిలో ఉంటే ఎవరో ఒకరు దిద్దుతారని ఆవిడ నమ్మకం. ఆవిడనే దిద్దారు కూడా. కానీ ఆ పది మందిలోనే కోసేవాళ్ళు, ఫోన్ చేసి బూతులు తిట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నుంచి ఆవిడని కాపాడవలసిన కంపెనీ చెయ్యి వచ్చి, వాళ్ళని వదిలేసి ఆవిడ మాటనే ఎత్తుకుపోయింది. ఇంతకు మించి నాకు తెలియదు.

సువర్ణరేఖ ఒడ్డున దహనం అయ్యింది. కార్యదర్శి గారు వచ్చి, చివరిదాకా ఉండి వెళ్ళారు. కబురు తెలియగానే ఆ ముక్క మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి ఆవిడ ఫొటోకి దండ వేసి మరీ పంపుకుంటున్నారు.

మర్నాడు సాయంత్రం నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్. పోయినవాళ్ళ తాలూకు మనుషులు అడిగితే ఆ ముక్కని తీసేస్తారేమోనని బ్యాంకులో ఎవరో చెప్పారంది.

"మరైతే అర్జీ పెట్టమ్మా. వద్దనడానికి మీ అమ్మ లేరు కదా" అన్నాను.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఫోన్లో ఉన్నదంతా వెతికిందట. పెళ్ళిళ్ళలో ఫొటోలు ఉన్నాయి, గుడిలో దండం పెడుతున్న వీడియో ఉంది. ఎందులోనూ తల్లి మాట్లాడలేదు. ఆవిడ వాయిస్ మెసేజులు పంపే మనిషి కారు, ఫోన్ చేసేవారు అంతే.

"ఆవాజ్ తో యహీ హై, ఆంటీ" అంది. తర్వాత, "అమ్మ గొంతు ఇదొక్కటే ఉంది" అంది తెలుగులో.

నేను టీ పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ పిల్ల ఫోన్ చెవికి ఆనించుకుంది. కోసినవాళ్ళు కాస్త ముందు నుంచి కోశారు. మాట మొదలయ్యే ముందు ఆవిడ ఊపిరి తీసుకున్న చప్పుడు అందులో ఉండిపోయింది. ఆ పిల్ల అక్కడిదాకా విని ఆపుతోంది. వేలితో మళ్ళీ మొదటికి జరిపి, ఆ ఊపిరి విని, మాట వచ్చేలోపు ఆపుతోంది.