నాలుగు నెలల ధైర్యం

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పదిహేడుమంది మెకానిక్కులుంటే, ఆడపిల్ల ఒక్కతే. ఇరవై రెండేళ్ళు. వెనక జేబులో ఎప్పుడూ స్పానర్ ఉండేది కాబట్టి అందరికీ స్పానరే అయిపోయింది. పనిలో చెయ్యి తిరిగిన పిల్ల. డబ్బు దగ్గర మాత్రం ఆ చెయ్యి నిలిచేది కాదు. బైకు వాయిదాల మీద, ఫోను వాయిదాల మీద, మిగతావన్నీ క్రెడిట్ కార్డు మీద. నెలనెలా బిల్లులో "కనీసం ఇంత కట్టండి" అని ఉన్న అంకె కట్టేసి, హమ్మయ్య అనుకునేది.

ఒక ఆదివారం ఆ బిల్లు మేనత్త కంటపడింది. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడుతుంది. ఎంత చిన్న అక్షరాలైనా వదిలిపెట్టదు.

"ఏమే, ఏడాదిగా ఇరవై రెండు వేలు కట్టావు కదా, బాకీ ఎంత తగ్గిందో చూశావా?"

"చాలా తగ్గుంటుందిలే అత్తా."

"ఆరు వేలు."

"మరి మిగతా పదహారు?"

"వడ్డీ. వాళ్ళకి బంగారు గుడ్డు పెడుతున్నావే తల్లీ!"

స్పానర్ ముఖం మాడిపోయింది. అత్త జాలిపడకుండా చెప్పుకుపోయింది. "జీతం పడ్డ రోజే కొంత వేరే ఖాతాలోకి తోసెయ్. ఖర్చయ్యాక దాద్దామంటే ఏమీ మిగిలి చావదు. ముందు కార్డు తీర్చు, ఎక్కువ వడ్డీ దానిదే. ఆ తర్వాత నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకో."

"దేనికత్తా? ఉద్యోగముందిగా?"

"ఉంది కాబట్టే చెప్తున్నా."

బైకు అమ్మేసి, దాని వాయిదాలు తీర్చేసి, బస్సెక్కింది. "ఏం స్పానరూ, ఏకంగా బస్సే కొన్నావట?" అని తోటివాళ్ళు ఏడిపించారు. మధ్యలో ఒకసారి మనసాగక తోలు జాకెట్ కొని, తొడుక్కోడానికి సిగ్గేసి నెలరోజులు అల్మారాలోనే దాచింది. కార్డు తీరడానికి పదకొండు నెలలు పట్టింది. నాలుగు నెలల ఖర్చు కూడబెట్టడానికి మరో ఏడాదిన్నర.

అది నిండిన మూడో వారంలో, పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు తనిఖీకి వెళ్ళింది. మేడ మీది మోటారు గదిలో, లిఫ్టును మోసే ఉక్కు తాళ్ళ మీద లైటు వేసి చూసింది. తీగలు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. కింద ఎర్రటి తుప్పు పొడి.

వెంట వచ్చిన సూపర్‌వైజర్ తనిఖీ కాగితం అందించాడు. "బాగుందని సంతకం పెట్టెయ్. వచ్చే నెల మారుద్దాం."

"ఈ నెల తెగితే సార్? ఇంతమంది ఎక్కుతున్నారు."

"నువ్వేం పెద్ద ఇంజనీరువా? పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

 స్పానర్ మనసులో లెక్క చూసుకుంది. గది అద్దె, తిండి, బస్సు. నాలుగు నెలలు ఢోకా లేదు. ఎవరికీ పైసా బాకీ లేదు.

"అయితే రాను సార్."

మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసింది. కాగితం మీద "ఈ లిఫ్టు నడపకూడదు" అని పెద్దక్షరాలతో రాసి, దానికింద సంతకం పెట్టింది. ఫోనులో దాని ఫోటో తీసుకుని, తాళంచెవి, కాగితం భవనం కార్యదర్శి చేతికిచ్చి, పన్నెండంతస్తులూ మెట్లెక్కాల్సిన వాళ్ళందరి సణుగుడూ వింటూ బయటికి నడిచింది.

మూడు రోజుల్లో బయటి నిపుణుడొకాయన వచ్చి, ఆ తాళ్ళు ఏనాడో మార్చాల్సిందని తేల్చాడు. కొత్త తాళ్ళు పడ్డాయి. భవనం వాళ్ళు కంపెనీని మార్చేశారు. సణిగినవాళ్ళే ఫోను చేసి, "చల్లగా ఉండమ్మా" అన్నారు.

ఉద్యోగం లేకుండా ఏడు వారాలు గడిచాయి. ఒక కంపెనీ పాత జీతం కన్నా తక్కువిస్తామంటే, నవ్వి, దణ్ణం పెట్టి వచ్చేసింది. రెండో చోట మేనేజరు అడిగాడు. "పాత ఉద్యోగం ఎందుకు మానేశావు?"

ఆమె ఫోనులోని ఫోటో ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాకు తనిఖీ చేసే మనిషి కావాలి. ఎప్పట్నుంచి రాగలవు?"

"ముందు జీతమెంతో చెప్పండి సార్."

ఆయన పకపకా నవ్వి అంకె చెప్పాడు. పాత జీతానికి ఒకటిన్నర రెట్లు. స్పానర్ వెంటనే ఎగిరి గంతెయ్యలేదు. కాసేపు ఆలోచించినట్టు కూర్చుని, సోమవారం నుంచి వస్తానంది.