అచ్చు పడని ముక్కలు

నా కుట్టుపని డబ్బాలో సూదుల కింద ఒక సీసపు ముక్క ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ అచ్చక్షరాలు కడిగే కిరసనాయిలు వాసన వస్తున్నట్టే ఉంటుంది. ఎనభై అయిదు దాటినా దాన్ని పారేసే ధైర్యం రాలేదు నాకు.

బెంగళూరు పేటలో మా ఇంటి ముందరి గదులే నాయన ప్రెస్సు. యుద్ధం రోజుల్లో కాగితం కరువైనా స్కూలు లెక్కల పుస్తకాలు మాత్రం ఆగలేదు. దసరా వచ్చిందంటే సిరా వాసనలోకి వంటింటి నుంచి పూర్ణం పెట్టి కాల్చే ఓళిగల నెయ్యి వాసన, గుగ్గిళ్ల ఇంగువ ఘాటు చొరబడేవి. వాటి నడుమ మా కంపోజిటరు తిమ్మయ్య తాత, ముక్కు మీదికి జారిన అద్దాలతో, ఒక్కొక్క అక్షరమే ఏరి లెక్కలు కూర్చేవాడు. పట్టికలో అంకె కింద అంకె, సమీకరణాల్లో సమం గుర్తు కింద సమం గుర్తు, దారం పట్టి చూసినా వంకర ఉండేది కాదు. "లెక్కలంటే మా తిమ్మయ్యే" అని నాయన వచ్చినోళ్లందరికీ చెప్పేవాడు. తాతకు ఆ మాటే పట్టుశాలువ.

అంకెల మధ్య ఖాళీ కావాలంటే అక్కడ అక్షరం లేని పొట్టి సీసపు ముక్కలు పేర్చాలి. అవి అచ్చు పడవు, వరస నిలబెట్టేది మాత్రం అవే. నాకు తెలిస్తేగా! ఆ ఏడు బొమ్మల కొలువులో నా తోటకు కంపౌండు గోడ కావాలి. పక్కింటోళ్ల కొలువులో రైలుంది మరి! ఆ ముక్కలుండే అరలు నాకు అందలేదు. బల్ల మీద తాత కూర్చి, దారం చుట్టి పెట్టిన సీసపు అక్షరాల పేజీ కనబడింది. మొహం లేని ముక్కలతో ఎవరికేం పనిలే అనుకుని, అమ్మ జడపిన్నుతో ఇరవై దాకా పెరికేశాను.

సాయంత్రం గుగ్గిళ్లకని వచ్చిన తాత కొలువు ముందర కూర్చుని, నా గోడ పొడుగునా వేలు పోనిచ్చాడు.

"చానా నేరుగా ఉండాది పాపా నీ కంపౌండు" అన్నాడు. నేను మురిసి ముక్కలైపోయాను.

మర్నాడు ప్రూఫు తీస్తే అంకెలు పక్క వరసల్లోకి జారిపోయాయి, సమం గుర్తులు తాగినోళ్లలా తలోదిక్కున నిలబడ్డాయి. పుస్తకం రాసిన మేష్టరుగారి ఎదుట నాయనకు తల కొట్టేసినట్టయింది.

"ఏమప్పా తిమ్మయ్యా ఇది?" అని అరిచాడు.

తాత ఆ పేజీని వేళ్లతో తడిమాడు. గడపలో నిలబడిన నన్నొకసారి చూశాడు.

"నా కండ్లే మసక పడినాయప్పా. తప్పు నాదే."

"అయితే ఇంక లెక్కలు నీకొద్దు. పెండ్లి పత్రికలు చూసుకో" అన్నాడు నాయన. నేను నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఊరుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆయుధపూజ నాడు లెక్కల అరలకు ప్రతి ఏడూ తాతే కుంకం పెట్టేవాడు. ఆ ఏడు వాకిట్లోనే నిలబడి, బొరుగుల పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. లోపల నేను ఓళిగ తిన్నాను. ఒకటి కాదు, రెండు.

తాతకు తెలియదులే అని చాలా ఏళ్లు నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. నలభై ఏళ్లు సీసం పట్టిన వేళ్లకు కండ్లతో పనేముంది? తెలిసే, చిన్నపిల్ల మీదికి రాకుండా తన కండ్ల మీద వేసుకున్నాడు.

ఇప్పుడా ప్రెస్సు లేదు, అక్కడ రెడీమేడ్ బట్టల అంగడి. తాతా లేడు, నాయనా లేడు. మొన్న మనవరాలు కంప్యూటరులో లెక్కలు టైపు చేస్తుంటే సమం గుర్తులు వాటంతటవే ఒకదాని కిందొకటి నిలిచాయి.

"చూడవ్వా, ఎంత నేరుగా ఉండాయో!" అంది.

ఇప్పుడైనా చెబుదామని డబ్బా తెరిచి, ఆ కంపౌండు గోడలో మిగిలిన ముక్క తీసి దాని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమవ్వా ఇది? దీని మీద ఏమీ లేదే!"

"ఏమీ లేదులే తల్లీ" అని తీసేసుకున్నాను.