ఉత్తి క్లిక్కు

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది. అన్నం తింటాను, జోకులేస్తాను, పదిమందిని నవ్విస్తాను. అయినా అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే ఇదీ ఒక జోకే అనుకుంటారు. అలాంటి పేరు తెచ్చుకున్నాను మరి.

నేను చేసిన తప్పుని ఒక ముసలావిడ మీద పెట్టాను. అంతే విషయం. ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను.

వన్ టౌన్‌లో ఒక సందులో నాకు ఫోటో స్టూడియో ఉంది. ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడి కూడా నన్ను ఆపడానికి పెద్దగా ప్రయత్నించలేదు. ఒకాయన దగ్గర కొన్నేళ్ళు ఫోటో పని నేర్చుకుని సొంత బోర్డు పెట్టుకున్నాను. అప్పట్లో ఏ స్టూడియోలో చూసినా వెనకాల ఒకటే పరదా. ఒక సరస్సు, అందులో ఒక హంస, దూరంగా మంచుకొండ. తాంబూలాలు పుచ్చుకున్న ప్రతి జంటా వచ్చి ఆ హంస ముందు బిగుసుకుని నిలబడాల్సిందే. ఫోటో మొత్తంలో ఆ హంస ఒక్కటే కాస్త హాయిగా ఉన్నట్టు కనిపించేది.

నాకు జాలేసింది. హంస మీద కాదు, జంటల మీద. ‘పెళ్ళికి ముందు జంట ఫోటోలు, మీకు నచ్చిన చోట, మీకు నచ్చిన తీరున’ అని కొత్త బోర్డు రాయించాను. జనం మొదట నవ్వారు, తర్వాత వచ్చారు. మద్దిలపాలెం డిపో కండక్టరు ఒకాయన సంచీతో సహా వచ్చి, ఆగి ఉన్న బస్సు మెట్టు మీద నిలబడి, కాబోయే భార్యకి టికెట్టు చింపి ఇస్తున్నట్టు తీయించుకున్నాడు. ఆ అమ్మాయి టికెట్టు తీసుకోకుండా, నాకు పాసుంది అంది. స్టీలు ప్లాంటు పనులు కొత్తగా మొదలైన రోజులవి. అక్కడి ఫిట్టరు ఒకతను రెండు హెల్మెట్లు పట్టుకొచ్చాడు. పూలు నలిగిపోతాయని ఆ పిల్ల, రూలు రూలేనని అతను. ఆ గొడవనే ఫోటో తీశాను. ఎంత బాగా వచ్చిందో.

ఈ పనిలో నాకొక రహస్యం ఉండేది. సిగ్గుపడే జంటలకి మొదటి క్లిక్కు వినపడగానే మొహాలు కొయ్యబారిపోతాయి. మూడూ నాలుగూ అయ్యాకే కాస్త వదులవుతాయి. అందాకా రీలు దండగ. అందుకని రీలు వెయ్యకుండానే కెమెరా పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. జోకు, క్లిక్కు, జోకు, క్లిక్కు. వాళ్ళు నవ్వడం మొదలెట్టాక, ఎండ సరిచూసుకోవాలంటూ అటు తిరిగి గబుక్కున రీలు ఎక్కించేవాణ్ణి. అసలు ఫోటోలు అప్పుడు. ముందువాటికి నాలో నేను పెట్టుకున్న పేరు ఉత్తి క్లిక్కు. మోసమా అది? మోసం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. మోసం తర్వాత జరిగింది.

వెంకటరత్నం పోర్టులో క్రేను నడిపేవాడు. వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాటకి ముందు ఒక అండీ, మాట తర్వాత ఒక అండీ పెట్టేవాడు. వాళ్ళావిడ కాబోతున్న వరాలు సబ్బవరం దగ్గర రైతుల పిల్ల. ఓడ వెనకాల కనబడేలా ఫోటో కావాలని అతని కోరిక. సరే, సముద్రపు ఒడ్డున కలుసుకున్నాం. వరాలుతో కాపలాగా వాళ్ళ నాన్నమ్మ నూకాలమ్మ వచ్చింది. అందరూ మామ్మ అనేవారు, నేనూ అదే అన్నాను. మనిషి నా భుజం దాకా ఉండేది. మాట మాత్రం నా తల మీదుగా వెళ్ళేది. చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగుని ఇద్దరి మధ్యా అడ్డంగా పట్టి, పెళ్ళయ్యేదాకా ఇంత దూరం అని కొలిచి మరీ నిలబెట్టింది. ఇంత దూరమైతే ఇద్దరికీ రెండు ఫోటోలు తీయాలి మామ్మా అన్నాను. అయితే రెండు తీసి జిగురెట్టి అతికించుకో అంది. నా పని నాకే నేర్పింది. నచ్చేసింది నాకు.

వెంకటరత్నం ఓడ వైపే చూస్తున్నాడు. బాబూ, ఆ ఓడ రేపు వెళ్ళిపోతుంది, ఉండిపోయేది ఈ పక్కనున్నావిడ, కాస్త ఇటు చూడండి అన్నాను. చిత్తమండి అని నా వైపు చూశాడు. ఇలా నాలుగైదు ఉత్తి క్లిక్కులయ్యాయి. ఇక రీలు ఎక్కిద్దామని అటు తిరగబోతున్నాను, ఒక అల వచ్చి అతని కొత్త చెప్పు పట్టుకుపోయింది. ఇస్త్రీ ప్యాంటుతో సముద్రంలోకి పరిగెత్తాడు. ‘ఆగండీ, ఆగండీ’ అని అలని బతిమాలుతూ. వరాలు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి, గొడుగు కొలత మర్చిపోయి, విరగబడి నవ్వింది. అతను ఒంటి చెప్పుతో వెనక్కి తిరిగి ఆ నవ్వు చూసి తనూ నవ్వాడు. నేను క్లిక్కు మీద క్లిక్కు కొట్టాను. రీలుకి పన్నెండు ఫోటోలు, పన్నెండూ అయిపోయాయి. నా జన్మలో అంత మంచి నవ్వులు దొరకలేదు.

తర్వాత కెమెరా సంచీలో పెట్టి మామ్మ చేతికిచ్చి, నేనూ అతనూ చెప్పు వెతకడానికి వెళ్ళాం. దొరకలేదు. వెనక్కి వచ్చేసరికి ఆవిడ ఇసకలో కూచుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఉప్పు గాలి తగలకుండా దాని మీద కొంగు కప్పి ఉంది. ఇది గుర్తుంచుకోండి. నేను మర్చిపోలేకపోతున్నాను.

స్టూడియోకి వచ్చి చీకటి గదిలో కెమెరా వెనక మూత తీసి వేళ్ళతో తడిమాను. రీలు లేదు. సరిగా తడమలేదనుకున్నాను. మళ్ళీ తడిమాను. లేదు. నవ్వుల్లో పడి ఎక్కించడమే మర్చిపోయాను. ఆ పన్నెండూ ఉత్తి క్లిక్కులే.

రెండు రోజులకి ముగ్గురూ ఫోటోల కోసం వచ్చారు. నిజం చెబితే ఏమయ్యేది? రీలు లేకుండా ఫోటోలు తీసిన ఘనుడని వన్ టౌన్ అంతా నెల రోజులు నవ్వేది. నవ్వించేవాడికి తన మీద నవ్వు పడితే ఎంత భయమో మీకు తెలీదు. నాక్కూడా అప్పుడే తెలిసింది. రీలుకి వెలుతురు తగిలి మొత్తం పోయిందని చెప్పాను.

“వెలుతురు ఎలా తగులుతుందండీ?” అన్నాడు వెంకటరత్నం. అనుమానం కాదు, అతనికి యంత్రాలంటే ఇష్టం.

“వెనక మూత తెరుచుకుంటే తగులుతుంది. ఎవరిదైనా చెయ్యి పడిందేమో” అన్నాను.

ఎవరి పేరూ చెప్పలేదు చూడండి. ఎంత తెలివో. సంచీ ఎవరి దగ్గరుందో ముగ్గురికీ తెలుసు. ఇద్దరూ మామ్మ వైపు తిరిగారు.

“నానా? నాను ఏటీ ముట్టుకోనేదు బావూ” అంది. తన కుడిచేతి వైపు చూసుకుంది. “కొంగు కప్పినప్పుడు... ఏటో, సెయ్యి తగిలిందేటో మరి.”

నేను అప్పుడైనా ఆగొచ్చు కదా? ఆగలేదు.

“తగిలే ఉంటుంది. పర్లేదులే మామ్మా” అన్నాను.

విన్నారా? ఆవిడ చెయ్యని తప్పుకి నేను ఆవిణ్ణి క్షమించాను. పెద్దమనసు చేసుకుని, చిరునవ్వు నవ్వి మరీ క్షమించాను. అబద్ధం కంటే ఆ క్షమించడమే నన్ను ఎక్కువ గుచ్చుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ అబద్ధం వల్ల మంచే జరిగింది. మళ్ళీ ఫోటోలు తీయాలి కాబట్టి ఆ వారంలోనే మళ్ళీ సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. ఈసారి మామ్మ మెత్తబడిపోయింది. నా వల్ల పోయాయి కదా, మీకు నచ్చినట్టు నిలబడండి అంది. ఎండగా ఉందని తనే గొడుగు విప్పి ఇద్దరి మీదా పట్టింది. ఇద్దరి మధ్యా దూరం కొలిచిన గొడుగే ఇద్దరినీ ఒక్క నీడలోకి తెచ్చింది. వెంకటరత్నం పాత చెప్పులేసుకొచ్చి, అలకి ఇవి నచ్చవండీ అన్నాడు. వరాలు మళ్ళీ నవ్వింది. ఈసారి రీలు ఉంది. ఎక్కించానా లేదా అని నాలుగుసార్లు చూసుకున్నాను. ఆ ఫోటో పెద్దది చేసి స్టూడియో అద్దాలకి తగిలిస్తే దాన్ని చూసి ఎన్ని జంటలు వచ్చాయో. మామ్మ మూత తియ్యబట్టే మాకు రెండోసారి కలుసుకోవడం కుదిరిందని వాళ్ళిద్దరూ ముచ్చటగా చెప్పుకునేవారు.

ఆ రోజు ఆఖర్న, మామ్మా నువ్వూ రా, నీకొకటి తీస్తానన్నాను. ఆవిడ రాలేదు. నా చెయ్యి మంచిది కాదు బాబూ, మిషను పాడైపోతుంది అంది. నవ్వుతూనే అంది. కానీ మాట మీద నిలబడింది. పెళ్ళిలో కెమెరా ఎటు తిరిగితే ఆవిడ అటు నుంచి తప్పుకునేది. పిల్లల బారసాలల్లోనూ అంతే. ఇంట్లోవాళ్ళకి అదొక సరదా అయిపోయింది. మామ్మ వస్తోంది, రీలు దాచుకోండి అనేవారు. ఎవరో ఎందుకు, పెళ్ళి పందిట్లో ఆ మాట మొదట అన్నది నేనే. ఎందుకన్నాను? అబద్ధం గట్టిపడుతుందనా? నవ్వులొస్తాయని అలవాటు కొద్దీనా? రెండూనేమో. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

మొన్నామధ్య మామ్మ పోయింది. హాయిగా, వరాలు చేతి అన్నం తిని, మునిమనవడి మీద ఏదో విసురు విసిరి పడుకుని పోయిందట. పెద్దకర్మకి పటం కట్టించాలి, ఒక్క ఫోటో అయినా ఉందేమో చూడండీ అంటూ వెంకటరత్నం వచ్చాడు. వాళ్ళింట్లో ఒక్కటీ లేదట. నాకు తెలుసు లేదని. ఎందుకు లేదో కూడా నాకొక్కడికే తెలుసు.

పాత నెగెటివులన్నీ తీశాను. రెండోసారి తీసిన జంట ఫోటోలో, ప్రింటు వేసినప్పుడు నేను అంచున కత్తిరించేసిన భాగం ఒకటుంది. అందులో దొరికింది. మొహం కాదు. గొడుగు కర్ర పట్టుకున్న కుడిచెయ్యి, మణికట్టు మీద పచ్చబొట్టు. అంతే. ఆ ముక్కనే పెద్దది చేసి ఇచ్చాను. దానికే పటం కట్టారు, దానికే దండ వేశారు. కర్మకి నేనూ వెళ్ళాను. వరాలు ఆ పటం ముందు నిలబడి ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది.

“రీలు పాడుసేసిన సెయ్యి ఇదే గదా” అంది నాతో, ముద్దుగా.

అక్కడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. పెరుగు వడ్డిస్తున్నారు రండి అని ఎవరో పిలిచారు. వెళ్ళి తిన్నాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించక్కర్లేదు. క్షమించడం ఎంత తేలికో, ఎంత దొంగపని కూడా కాగలదో నాకు బాగా తెలుసు. మామ్మ ఉంటే ఏమనేదో? గొడుగు తిరగేసి ఒకటిచ్చేదేమో. అలా అనుకుంటే నవ్వొస్తుంది. ఇన్నాళ్ళకి ఊపిరి కూడా సాఫీగా ఆడుతోంది. ఆ పటం ఇంకా వాళ్ళ గోడ మీదే ఉంది, కింద పిల్లలు దాన్ని చూపించి మామ్మ కథ చెప్పుకుంటూనే ఉన్నారు. కథ తప్పు. సరైనది ఇది.

ఆ రోజు ఆ మూత ఎవరూ తియ్యలేదు. తీసినా పాడయ్యేదేమీ లోపల లేదు.