చిప్పులకెక్కిన బువ్వ పాఠం

ఆ దినాలల్ల మా తొర్రూరుల పాడ్‌కాస్ట్ అనే మాట ఎవలకు ఎరుకలేదు. మాకు ఎరికైందల్లా చిప్పు. గోరంత నల్ల బిళ్ళ, సెల్లుల పెడితే ఊరంత పాటలు. బస్టాండు దగ్గర చిన్న సెల్లు దుకాణం పెట్టుకున్న అన్నను మేమందరం చిప్పులన్న అనేటోళ్ళం. ఆయన అడిగేది ఒక్కటే మాట: "పాతయా, కొత్తయా, ఉద్యమానియా?" రాష్ట్రం కోసం కొట్లాట మస్తుగ నడుస్తున్న కాలమాయె, అందరు ఉద్యమానియే ఎక్కించుకునేటోళ్ళు. పోయిన నెల హైదరాబాదు నుంచి ఒక పిలగాడు ఫోన్ చేసి, డిజిటల్ చదువుల మీద పాడ్‌కాస్ట్ నడుపుతున్ననని, నేను వచ్చి మాట్లాడాలని అడిగిండు. "మేడం, మీ ఆడియో పాఠాల జర్నీ ఎక్కడ మొదలైంది?" అన్నడు. నేను సుత పెద్ద మనిషి లెక్క గొంతు సవరించుకొని, పరిశోధన, అవసరం, ఆలోచన అని ఏదేదో చెప్పిన. ఒట్టి అబద్ధం. అది మా వంటింట్ల, మా అవ్వ తిట్లతోని మొదలైంది. (మా దిక్కు కన్నతల్లిని అవ్వ అనే అంటం. ముసలామె అనుకునేరు, అప్పుడు ఆమెకు నడుము సుత వంగలేదు.)

అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. హైస్కూల్ల సైన్సు చెప్పే విద్యా వలంటీరును. అంటే పిల్లలకు పూర టీచర్ను, పెద్ద సార్లకు సగం టీచర్ను. నాకు ఇంకో రోగం సుత ఉండె, వార్తలు చదివే రోగం. బీయెడ్ కాలేజీల మొదటి దినమే నేను లేసి పేరు చెప్పి రెండు ముక్కలు మాట్లాడితే, ఒక మేడం "ముందు భాష దిద్దుకోమ్మా, తర్వాత పిల్లల్ని దిద్దుదువు గాని" అన్నది. క్లాసంత నవ్వింది. ఆ నవ్వు చానా యేండ్లు నా చెవులల్లనే ఉన్నది. అప్పటి సంది అద్దం ముంగట నిలబడి, టీవీల వార్తలు చదివే ఆమె లెక్క మూతి చిన్నగ చేసి మాట్లాడుడు నేర్చుకున్న. విచిత్రమేందంటే, పగటీలి ర్యాలీలల్ల మా మాటను ఎక్కిరించిన సినిమాలను తిట్టుకుంట జెండ పట్టుకొని నడిచేది నేనే, మాపటికి ఇంటికొచ్చి అద్దం ముంగట వాళ్ళ లెక్క మాట్లాడేది నేనే. ఈ రెండు ముచ్చట్లు ఒకదానికొకటి తాకుతయని నాకు ఒక్కనాడు సుత తోచలేదు.

అప్పుడే పెద్ద సమ్మె మొదలైంది. బళ్ళు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. మా ఊర్ల సమ్మె టెంటుకు పెద్ద ఎవలనుకున్నరు? మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు. లెక్కల సారు. మా ఇంటి పక్క పోర్షన్లనే ఉండేది. లెక్కలు ఎంత కచ్చితమో మనిషి సుత అంతే. "సమ్మె అంటే సమ్మె. చాక్‌పీసు ముట్టిన చెయ్యి నాకు కనవడొద్దు" అని టెంటుల అందరికి చెప్పిండు. చెప్పుకుంట నా దిక్కు చూసిండు. నేను చేతులు ఎనుకకు పెట్టుకున్న.

నా పరేషాను వేరే ఉన్నది. మాకు పాలు పోసే నాయక్ అన్న, ఊరికి దూరంగ ఉన్న తండా నుంచి సైకిల్ మీద వచ్చేది. ఆయన బిడ్డను నేను చిట్టి అని పిలిచేదాన్ని. ఆ తండాల అప్పటిదాంక పదో తరగతి దాంక వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. ఇంట్ల మాట్లాడేది లంబాడి మాట, బడిల నేర్సుకున్నది మా తెలుగు, పుస్తకంల ఉన్నది ఇంకో తెలుగు. మూడు వాగులు దాటితే గని దానికి పాఠం అందది. అయినా దాటుకుంట వచ్చింది. సమ్మె మొదలై వారమైనంక, నాయక్ అన్న గిన్నెల పాలు పోసుకుంట తలెత్తకుండ అడిగిండు: "బడి ఎప్పుడు తెరుస్తరమ్మా?" "ఎవలకు తెలుస్తది?" అన్న నేను. "దసర దాంక చూస్తనమ్మా. తెరువకుంటే పత్తి ఏర తోలుకపోత. ఒక్కసారి పత్తికి మరిగినంక మల్ల బడికి యాడ వస్తది." ఆయన కోపంగ అనలేదు, వాన వస్తదేమో అన్నట్టే అన్నడు. నేను లోపటికి పోయి క్యాలెండరు చూసిన. దసరకు ఇంక రెండు వారాలే ఉండె.

సైకిల్ మీద నేనే తండాకు పోత అంటే చిన్నబాపు చెవులకు పడకుండ ఉంటదా? అందుకే సెల్లుల పాఠం చెప్పి, చిప్పుల ఎక్కించి పంపాలని ఉపాయం చేసిన. నాయక్ అన్న దగ్గర ఒక చీన సెల్లు ఉండె, దాని గొంతు పెండ్లి బ్యాండంత ఉంటది. చిన్నబాపు టెంటుకు పోంగనే వంటింటి తలుపులు పెట్టుకొని, సెల్లును ఉప్పు డబ్బాకు ఆనించి, మూతి చిన్నగ చేసి మొదలువెట్టిన: "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా, నమస్కారం. నేటి మన పాఠ్యాంశం జీర్ణక్రియ." వినేది ఒక్క చిట్టి, "విద్యార్థినీ విద్యార్థులారా" ఎందుకో నన్ను అడగకుండ్రి. చిన్నబాపు అప్పుడప్పుడు నా సెల్లు తీసుకొని పాటలు వినేది. అందుకని పాఠాలన్నిటిని సెల్లుల ఒక ఫోల్డర్ల వేసి, దానికి "కొత్త ఉద్యమ పాటలు" అని పేరు పెట్టిన. నా తెలివికి నేనే మురిసిన. చిప్పులన్నకు ఇచ్చి "ఉద్యమానియే అన్నా, తండాల అడిగిండ్రు" అన్న. ఆయన సరే అని ఎక్కించి ఇచ్చిండు. ఎక్కించే ముందు ఎవల పాటలైనా తన కంప్యూటర్ల ఒకసారి దింపుకునుడు ఆయన అలవాటని నాకు తెల్వదు. చిప్పును అగ్గిపెట్టెల పెట్టి, పొద్దుగాల పాల గిన్నెతోని పాటు నాయక్ అన్న చేతుల పెట్టిన.

నాలుగు దినాలైనంక ఉండవట్టక అడిగిన: "ఎట్లున్నదన్నా పాఠం?" ఆయన జరసేపు సైకిల్ గంట తుడిసిండు. "మంచిగనే ఉన్నదమ్మా. కని చిట్టి అడుగుతుంది, గా వార్తలు చదివే ఆమె ఎవలు, మన మేడం ఎప్పుడు చెప్తదని." నాకు తల కొట్టేసినట్టయింది. అంత కష్టపడి నేర్చిన భాషను పట్టుకొని గా మాటంటదా అని ఆ పిల్ల మీదనే కోపమొచ్చింది. అదే కోపంతోని ఆ పగటీలి మల్ల జీర్ణక్రియ మొదలువెట్టిన. "ఆహారము లాలాజలముతో సమ్మిళితమై" అనే కాడికి వచ్చేవరకు తలుపు దబదబ కొట్టుకుంట మా అవ్వ లోపటికి వచ్చింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే? బువ్వ సల్లారిపోవట్టె."

"ఆగవే అవ్వా, పాఠం చెప్తున్న."

"గిది పాఠమా? ఎవలనో బతిమాలుతున్నవనుకున్న. నాకే ఒక్క ముక్క తెలుస్తలేదు, గా తండా పిల్లకు ఏం తెలుస్తది?"

"నీకేం తెలుస్తది, నువ్వు బడికి పోయినవా?"

"పోలె. పోనోళ్ళకు తెలిసేటట్టు చెప్తెనే నువ్వు పంతులమ్మవు. చెప్పు మరి, నేను తిన్న బువ్వ యాడికి పోతది?"

నాకు ఒళ్ళు మండింది. వార్తల ఆమె ఎటుపోయిందో ఏమో, "కూసో, చెప్త" అని నడుముకు కొంగు చెక్కిన. "బుక్క నోట్లె పెట్టుకో. మింగకు. నములు. ఇంక నములు. నువ్వు ఉత్తగ మింగుతవ్, అందుకే నీకు కడుపునొప్పి. నమిలినకొద్ది బువ్వ తియ్యగైతలేదా? ఎందుకైతుంది? చక్కెర ఏసినవా? నోట్ల ఊరే ఊటనే బువ్వల ఉన్న గంజిని విరగ్గొట్టి చక్కెర చేస్తది." అవ్వ నోటినిండ బువ్వతోనే "ఔనే, తియ్యగనే ఉన్నది" అన్నది. ఆడి నుంచి గొంతు, కడుపు, పేగులు, అన్ని తిట్టుకుంటనే చెప్పిన. నడుమ నడుమ ఆమె అడుగుడు, నేను కసురుడు. అంత అయిపోయినంక చూస్తే సెల్లుల రికార్డు అట్లనే నడుస్తుంది. చెడిపోయిన పాఠం, తీసెయ్యాలనుకున్న. కోపంల మరిచిపోయిన. తెల్లారి చిప్పులన్న దగ్గరికి పోయి "మొత్తం ఎక్కియ్యన్నా" అన్న.

వారం తిరగకముందే పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్రు. ఎరుకలేనోళ్ళకు చెప్త: రోడ్డు బంద్ పెట్టి, నడి రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, గంజులల్ల వండి, ఊరంత బంతిల కూసోని తినుడు. మా కొట్లాటల గదే మస్తు సంబురం. నాకు పప్పుచారు గంటె ఇచ్చిండ్రు. నాయక్ అన్న సుత తండా తరఫున క్యాన్ల సల్ల పట్టుకొచ్చిండు. బంతి నిండింది, మా చిన్నబాపు మైకు దగ్గర నిలబడి "పాటలు పెట్టుండ్రి" అన్నడు. మైకాయన ఆ పొద్దుగాలనే చిప్పులన్న దగ్గర "కొత్త ఉద్యమ పాటలు" ఎక్కించుకొచ్చిండట.

"ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా, నమస్కారం."

నా చేతుల గంటె ఆగిపోయింది. బంతిల కూసున్నోళ్ళు తలలెత్తిండ్రు. "గీ వార్తలెవలు పెట్టిండ్రు? బంద్ చెయ్యుండ్రి" అని ఒకాయన అరిసిండు. అందరు నవ్విండ్రు. గదే నవ్వు, నా కాలేజీల విన్న నవ్వే. ఈసారి మా మాట మాట్లాడినందుకు కాదు, మాట్లాడనందుకు. నేను పప్పుచారు గంజు ఎనుక నక్కి కూసున్న. మైకాయన పరేషానై బటన్ ఒత్తిండు, దాని ఎనుకదానికి పోయింది. "సమ్మిళితమై" అనంగనే తలుపు దబదబమన్నది. "ఎవలతోని మాట్లాడుతున్నవే? బువ్వ సల్లారిపోవట్టె" అని మా అవ్వ గొంతు నాలుగు దిక్కుల మోగింది. బంతిల కూసున్న మా అవ్వ "నేను గాదు" అన్నది, నోరు తెరువకుండనే ఎట్ల మాట్లాడిననా అని పరేషానై.

మైకాయన బంద్ చెయ్యబోతే ఒక ముసలాయన చెయ్యెత్తి "ఉండనియ్యి, తల్లిబిడ్డల కొట్లాట మంచిగున్నది" అన్నడు. ఉండనిచ్చిండు. "బుక్క నోట్లె పెట్టుకో. మింగకు. నములు" అని నా గొంతు తిట్టవట్టింది. మీరు నమ్ముతరో నమ్మరో, రోడ్డు మీద కూసున్న జనం జనమంత నములుడు మొదలువెట్టిండ్రు. మాటలు ఆగినయి. ఇస్తరాకుల ముంగట అందరు కండ్లు జర చిన్నగ చేసుకొని, మెల్లగ, రుచి చూసుకుంట నములుతున్నరు. ముసలాయన "నిజమేరా, తియ్యగైంది" అన్నడు. పక్కాయన "నాకు ఇంక కాలె" అని ఇంకో బుక్క పెట్టుకున్నడు. బీయెడ్ల నేను చెప్పిన ఒక్క పాఠం సుత అంతమంది అంత శ్రద్ధగ వినలేదు. గంజు ఎనుక కూసున్న నాకు సిగ్గుతోని ఏడుపొచ్చింది, నవ్వు సుత వచ్చింది.

పాఠం అయిపోయినంక చిన్నబాపు నా దగ్గరికి వచ్చిండు. నేను లేసి నిలబడి, ఏం అనకముందే "తప్పైంది చిన్నబాపు, చిట్టి పదో తరగతి, దసరకు పత్తికి తోలుకపోతరట" అని ఒక్క గుక్కల చెప్పేసిన. ఆయన నాయక్ అన్న దిక్కు చూసిండు. మల్ల మైకు దగ్గరికి పోయిండు. ఆ దినమంత నాకు బువ్వ సయించలేదు. తెల్లారి నాయక్ అన్న పాలు పోయంగ చిన్నబాపు వచ్చి, చిప్పు పెట్టిన ఒక అగ్గిపెట్టె ఆయన చేతుల పెట్టిండు. "సమ్మె సర్కారు మీద, చిట్టి మీద గాదు" అన్నడు. నా దిక్కు తిరిగి, "లెక్కలు ఎవలు చెప్తరనుకున్నవ్? నీతోని అయితదా?" అన్నడు. నాయక్ అన్న నాదొకటి, చిన్నబాపుదొకటి, రెండు అగ్గిపెట్టెలు అంగి జేబుల పెట్టుకొని, "నిన్న గంతమంది విన్నది మా చిట్టి పాఠమే గదమ్మా" అని రెండుసార్లు అడిగిండు. "ఔనన్నా" అని రెండుసార్లు చెప్పిన.

మాపటికి టేకుమట్లకు ఇచ్చిన మా అక్క ఫోన్ చేసి, "ఓ చెల్లె, నువ్వు అవ్వ కొట్లాడుకున్నది మా ఆయన సెల్లుల ఎట్ల వచ్చిందే?" అని అడిగింది. జనగామల ఆటోలల్ల సుత వినవడిందన్నరు. ఉద్యమ పాటలు అడిగినోళ్ళందరికి చిప్పులన్న జీర్ణక్రియ ఎక్కించి పంపిండు.

చిట్టి పత్తికి పోనేలేదని చెప్తే అబద్ధమైతది. పోయింది. సెల్లును ఒడిల కట్టుకొని పోయింది. బళ్ళు తెరిసిన దినం వేళ్ళ నిండ పత్తికాయల గీతలతోని వచ్చి ముందటి బల్ల మీద కూసున్నది. పది పాసైంది. ఇప్పుడు మానుకోట దవాఖానల నర్సు. కడుపునొప్పని వచ్చినోళ్ళకు "మింగకుండ్రి, నములుండ్రి" అని కసురుతదట.

పాడ్‌కాస్ట్ పిలగాడు నా మొదటి రికార్డింగ్ ఏదన్న ఉంటే కావాలన్నడు. నా దగ్గర యాడిది? చిట్టిని అడిగిన. "ఉన్నయి మేడం, రెండు ఉంచిన" అని పంపింది. "గా వార్తలది తీసేద్దామనుకున్న, కని మీ గొంతు వింటే పాపమనిపించింది" అన్నది. వంటింట్లనే కూసోని పెట్టుకున్న. "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా" అని ఇరవై రెండేండ్ల పిల్ల, ఎవలు నవ్వుతరో అని అక్షరమక్షరం పట్టుకొని నడుస్తున్నది. అప్పుడు ఎంత ఠీవిగ చదువుతున్ననో అనుకున్న. ఇప్పుడు వింటే ఆ గొంతుల ఉన్నదంత భయమే. దగ్గరికి తీసుకోవాలనిపించింది.

మా అవ్వకు ఇప్పుడు చెవులు జర మందం. దగ్గరికి జరిగి, చెయ్యి చెవి ఎనుక పెట్టి ఇన్నది.

"ఎవలే గా పిల్ల? గంత భయపడుకుంట మాట్లాడవట్టె."

"నేనే అవ్వా."

అవ్వ సెల్లు దిక్కు చూసి, "బువ్వ తినమనవే" అన్నది.