పక్కింటి అక్క కుట్టిన గౌను

నా చిన్నప్పుడు మేం ఇల్లందు బొగ్గు గనుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా చిన్నమ్మ తన ఇంటి వసారాలో బట్టలు కుట్టేది. ఉన్నది ఒకటే మిషను, నేర్చుకునేది ఇద్దరం: నేనూ, పక్కింటి అక్కా. అక్కను ఎప్పుడో మిషను మీద కూర్చోబెట్టింది. నాకు మాత్రం గుండీలూ, హెమ్మింగూ. అడిగితే "నీకింక కుదురు రాలె" అనేది. అక్క మిషను తొక్కుతుంటే ఆ చప్పుడుకే నా కడుపు మండిపోయేది. చిన్నమ్మకు సొంత అక్క కూతురిని నేనుండగా పరాయి పిల్లకు పెద్దపీటా అని లోలోపల ఉడికిపోయేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చికి వేసుకెళ్ళే నా గౌను కూడా అక్క చేతికే ఇచ్చింది చిన్నమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది. గౌను చాలా బాగా వచ్చింది. బాగా రావడమే నా ఏడుపు. తొడుక్కుని చూసి, మూతి ముడుచుకుని, "వంకరగ ఉంది, నేనెయ్య," అన్నాను. అక్క మొహం చిన్నబోయింది.

చిన్నమ్మ కోప్పడలేదు. ఒక బ్లేడు ముక్క నా చేతిలో పెట్టింది. "గట్లయితే ఇప్పు. వంకర ఏడుందో నువ్వే సూపియ్యి."

తప్పు దొరుకుతుందని ఆశగా పక్క కుట్టు విప్పాను. లోపల మామూలుగా వదిలేదానికి రెట్టింపు గుడ్డ వదిలి ఉంది. కింద అంచులో ఇంకా పెద్ద మడత. "గింత వదలమని నేను జెప్పలేదే," అంది చిన్నమ్మ. అక్క తల వంచుకుని, "ఎదిగే పిల్ల గద అత్తా. వచ్చే క్రిస్మస్‌కు ఇప్పుకుంటే మల్ల సరిపోతదని," అంది.

నేను తనను చూసి కుళ్ళుకుంటుంటే, తను నేను ఎదుగుతానని గుడ్డ దాచిపెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అసూయ తగ్గలేదు, పెరిగింది. ఆ ఆలోచన నాకు వచ్చి ఉండేది కాదు మరి.

"ఇప్పినోళ్ళే కుట్టాలె, కూసో," అంటూ చిన్నమ్మ నన్ను మిషను ముందు కూర్చోబెట్టింది. అక్క సూది దిగిన చిల్లులు గుడ్డ మీద ఇంకా కనిపిస్తున్నాయి. వాటి వెంటే మెల్లగా సూది నడిపాను. మిషను మీద నా మొదటి కుట్టు అదే.

ఇప్పుడు నా దగ్గరా పిల్లలు కుట్టుపని నేర్చుకుంటున్నారు. ఈ వయసులోనూ ఎవరి పనైనా నాకంటే బాగుంటే కడుపులో ఆ మంట లేస్తుంది. నేను దాన్ని ఆర్పుకోను. ఆ బట్ట తిరగేసి, లోపల ఎలా కుట్టారో చూస్తాను. ఈ పనిలో నాకు వచ్చిందంతా అలా ఓర్వలేక చూసి నేర్చుకున్నదే.